బడ్జెట్ దాటిన నగ: కొనాలా, ఆగాలా, మార్చుకోవాలా?

వంద అనుకుని వెళ్తారు. మనసు పడిన నగ నూట నలభై ఉంటుంది. ఇక అక్కడి నుంచి తలలో లెక్కలు మొదలు: వచ్చే నెల ఏమైనా అదనంగా వస్తుందా, కార్డులో ఇంకా ఎంత లిమిట్ ఉంది, వాయిదాల్లో కడితే నెలకి ఎంత పడుతుంది. నగల దగ్గర ఇలా తడబడటం చాలా మామూలు విషయం. నగంటే ఇష్టం ఉండటం తప్పు కాదు. బాగా చేసిన నగ ముప్ఫై నలభై ఏళ్ళు ఒంటి మీద ఉంటుంది, మనం రోజూ వాడే వస్తువుల్లో అంత కాలం నిలిచేవి చాలా తక్కువ. అందుకే "బడ్జెట్ దాటొద్దు" అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు నచ్చదు. దాటే ముందు ఒక్క సంగతి మాత్రం తెలుసుకోవాలి. ఆ అదనపు నలభై నగలో సరిగ్గా ఎక్కడికి వెళ్తోంది? అది తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

ఈ వ్యాసం అంతటా వంద అంటే మీ బడ్జెట్ అనుకోండి, ఏ దేశపు డబ్బైనా సరే.

ధరలో ఏముంది, అమ్మితే ఏం తిరిగొస్తుంది

నగ ధరలో ఐదు ముక్కలుంటాయి: లోహం, రాళ్ళు, మజూరీ, అమ్మేవాళ్ళ లాభం, పన్ను. బ్రాండ్ పేరుకి కట్టేది కూడా ఆ లాభంలోనే ఉంటుంది. రేపు అవసరం పడి అమ్ముకుంటే నమ్మకంగా చేతికొచ్చేది లోహం విలువ ఒక్కటే. మజూరీ, లాభం, పన్ను కొన్న రోజే పోతాయి. రాళ్ళకి ఎంతో కొంత వస్తుంది గానీ, కొన్న ధరకి దగ్గరగా రావడం అరుదు, చిన్న రాళ్ళకైతే చాలాసార్లు లెక్కే కట్టరు.

కాబట్టి 22 క్యారెట్ల సాదా గొలుసు మీద బడ్జెట్ దాటడం, మూడు నాలుగు గ్రాముల బంగారంలో రాళ్ళు పొదిగిన ఉంగరం మీద బడ్జెట్ దాటడం ఒకటి కావు. మొదటిదాంట్లో అదనంగా పెట్టినదాంట్లో ఎక్కువ భాగం లోహంగా మీ దగ్గరే ఉంటుంది. రెండోదాంట్లో పెట్టినది దాదాపు అంతా అందం కోసం పెట్టిన ఖర్చు. అందానికి ఖర్చు పెట్టడం తప్పని నేను అనను, కానీ దాన్ని "పెట్టుబడి" అని మనకి మనం సర్దిచెప్పుకోకూడదు. బడ్జెట్ దాటించడానికి అమ్మేవాళ్ళు ఎక్కువగా వాడే మాట అదే.

ఇన్సూరెన్స్ కోసం ఇచ్చే వాల్యుయేషన్ సర్టిఫికెట్‌ని చూసి కూడా చాలామంది పొరబడతారు. మీరు కట్టినదాని కన్నా ఎక్కువ విలువ అందులో రాసి ఉంటే, చవకగా దొరికిందని సంబరపడిపోతారు. ఆ అంకె నగ పోతే అలాంటిదే కొత్తది కొనడానికి ఎంత అవుతుందో చెప్పేది మాత్రమే. మీరు అమ్మితే ఎవరో ఆ ధర ఇస్తారని అర్థం కాదు.

కంటికి కనిపించని వాటికి కట్టే డబ్బు

వజ్రాల విషయం కొంచెం వివరంగా చెప్పుకోవాలి. నూటికి నలభై అదనంగా పోయేది ఎక్కువగా ఇక్కడే.

వజ్రం బరువుని క్యారెట్లలో కొలుస్తారు (బంగారం స్వచ్ఛత చెప్పే క్యారెట్ వేరు), ఒక క్యారెట్ 0.2 గ్రాములు. ధర మాత్రం బరువుతో పాటు నెమ్మదిగా పెరగదు. అర క్యారెట్, ఒకటి, ఒకటిన్నర, రెండు లాంటి గుండు అంకెల దగ్గర ఒక్కసారిగా పైకి వెళ్తుంది. చక్కగా చెక్కిన ఒక క్యారెట్ గుండ్రటి వజ్రం పై నుంచి చూస్తే దాదాపు 6.5 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. 0.9 క్యారెట్ది 6.2 దగ్గర ఉంటుంది. తేడా మూడు కాగితాల మందం. వేలికి పెట్టుకున్నాక ఆ తేడా పట్టుకోగల కన్ను ఎవరికీ ఉండదు, బిల్లులో మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. ఒకటి నుంచి రెండు క్యారెట్లకి వెళ్ళినా వెడల్పు 8.1 మిల్లీమీటర్లే అవుతుంది. బరువు రెట్టింపైనా చూపుకి పెరిగేది పాతిక శాతమే. ధర రెట్టింపు దగ్గర ఆగదు.

స్వచ్ఛత సంగతి కూడా ఇంతే. 1931లో ఏర్పడిన, వజ్రాల్ని పరీక్షించి రిపోర్టు ఇచ్చే జీఐఏ అనే అమెరికా సంస్థ వజ్రాల స్వచ్ఛతని పదకొండు మెట్లుగా విభజిస్తుంది, ఆ పరీక్ష పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం కింద జరుగుతుంది. పై మెట్లలో వచ్చే వీవీఎస్‌కీ (మచ్చలు అతి సూక్ష్మం), దాని కింది వీఎస్‌కీ (మచ్చలు చాలా చిన్నవి) మధ్య తేడా ఆ భూతద్దం లేకుండా కనిపించదు. గుండ్రటి వజ్రాల్లో ఇంకో మెట్టు దిగి ఎస్ఐ1 (చిన్న మచ్చలున్నది) తీసుకున్నా, రాయిని స్వయంగా చూసి ఎంచుకుంటే, మామూలు కంటికి మచ్చ కనిపించనివి చాలానే దొరుకుతాయి. మచ్చ రాయి మధ్యలో నల్లగా ఉంటే వద్దు. అంచు దగ్గర పగులులా ఉంటే అసలు వద్దు, దెబ్బ తగిలితే అక్కడే విరుగుతుంది. పొడుగాటి పలకలుగా చెక్కిన ఎమరాల్డ్ కట్ లాంటి ఆకారాల్లో లోపలంతా అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది కాబట్టి వాటికి వీఎస్ కన్నా దిగకపోవడం మంచిది.

రంగు మెట్లు, రంగే లేని డీ అక్షరంతో మొదలై, పసుపు పెరుగుతూ జెడ్ దాకా వెళ్తాయి. జీ, హెచ్ రాళ్ళు ఉంగరంలో పొదిగాక తెల్లగానే కనిపిస్తాయి. పసుపుపచ్చని బంగారంలో పొదిగేటట్టయితే జే, కే దాకా దిగినా ఫరవాలేదు, ఎందుకంటే లోహం రంగే కొంచెం రాయిలోకి వస్తుంది. అలాంటి ఉంగరానికి డీ రంగు రాయి కొనడం అనవసరం.

తగ్గకూడనిది చెక్కడంలో. కట్ బాగుంటే రాయి మీద పడిన వెలుతురు తిరిగి కంటికి వస్తుంది, బాగోకపోతే కింది నుంచి జారిపోతుంది. బరువు నిలబెట్టడం కోసం లోతుగా చెక్కిన ఒక క్యారెట్ రాయి కన్నా, సరిగ్గా చెక్కిన 0.9 క్యారెట్ రాయి పెద్దదిగానూ వెలుగుతూనూ కనిపిస్తుంది. కాబట్టి ఎవరైనా వజ్రం కోసం బడ్జెట్ దాటతామంటే నేను ముందు చెప్పేది ఇది: స్వచ్ఛతలో రెండు మెట్లు, రంగులో మూడు మెట్లు దిగి, బరువుని గుండు అంకెకి కాస్త కింద పెట్టి, కట్ మాత్రం అన్నిటికన్నా మంచిది అడగండి. ఇలా అడిగితే చాలాసార్లు బడ్జెట్ దాటాల్సిన పనే ఉండదు.

ఇంకో మాట. షాపుల్లో దీపాలు వజ్రాలు మెరిసేలానే పెడతారు. ఆ వెలుగులో నాసిరకం రాయి కూడా తళతళలాడుతుంది. కిటికీ పక్కకో, తలుపు దగ్గర నీడలోకో తీసుకెళ్ళి చూడనివ్వమని అడగండి. మీరు ఆ నగని పెట్టుకుని తిరిగేది మామూలు వెలుతురులోనే.

అదనంగా పెట్టినా న్యాయమే అనిపించేవి

రెండు ఉంగరాలు పక్కపక్కన పెట్టి చూద్దాం. పై నుంచి ఒకేలా ఉన్నాయి, అదే రాయి, అదే డిజైన్. ఒకటి వంద, రెండోది నూట పదిహేను. తిరగేసి చూస్తే, మొదటిదాంట్లో వేలి కిందికి వచ్చే పట్టీ ఒక మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ మందం, లోపలి వైపు గుల్లగా తవ్వి ఉంది. రాయిని పట్టుకున్న గోళ్ళు నాలుగు, వెంట్రుకల్లా సన్నగా, ఒకటి రాయికి పూర్తిగా ఆనలేదు కూడా. రెండోదాంట్లో పట్టీ రెండు మిల్లీమీటర్ల మందం, నిండుగా ఉంది. గోళ్ళు ఆరు, కొసలు గుండ్రంగా, నున్నగా రాయి మీదికి వంగి ఉన్నాయి. వేలితో తడిమితే ఎక్కడా గుచ్చుకోదు, బట్టకి పట్టుకోదు.

రోజూ పెట్టుకునే ఉంగరం ఏటికేడు అరుగుతుంది. సన్న పట్టీ కొన్నేళ్ళకి వంగి అండాకారమవుతుంది, సైజు మార్చాలంటే కంసాలి భయపడతాడు. సన్న గోరు ఒకటి లేచిందంటే రాయి ఎక్కడ పడిపోయిందో కూడా తెలియదు. రెండో ఉంగరానికి పెట్టిన ఆ పదిహేను రాయిని కాపాడటానికి పెట్టిన డబ్బు. ఇలాంటి చోట బడ్జెట్ దాటండి, నేను వద్దనను.

గొలుసుల్లో కూడా ఇదే చూడాలి. లోపల బోలుగా ఉండే గొలుసు తక్కువ బరువులో లావుగా కనిపిస్తుంది, కానీ సొట్ట పడితే సరికాదు, తెగితే అతకడం కష్టం. అదే డబ్బుకి సన్నగా ఉన్నా గట్టి గొలుసు తీసుకోవడమే మేలు. కొక్కెం గట్టిదా, కొసన ఉన్న చిన్న వలయానికి టంకం పెట్టారా లేక ఊరికే నొక్కి వదిలేశారా, చెవి దిద్దులకి మర సరిగ్గా బిగుస్తోందా, ఇవన్నీ చేత్తో తిప్పి చూడాల్సినవి. వీటిని సర్టిఫికెట్‌లో ఎవరూ రాయరు.

ఇప్పుడే అప్పు చేసి కొనడం

అంకెలు చూస్తే మాట సులువు. వంద మీ దగ్గర ఉంది, నలభై అప్పు. ఏడాదికి 18 శాతం వడ్డీ, రెండేళ్ళ వాయిదాలు అనుకుంటే ఆ నలభైకి మీరు కట్టేది దాదాపు 48. కార్డు మీద వదిలేసి 36 శాతం వడ్డీతో రెండేళ్ళు తీరిస్తే దాదాపు 57. అంటే నూట నలభై నగ మీకు పడింది 148 కి లేదా 157 కి. చేతిలో ఏమీ లేకుండా మొత్తం 140 కార్డు మీద పెట్టి అదే 36 శాతంతో రెండేళ్ళలో తీరిస్తే కట్టేది 198. ఆ వడ్డీతో ఇంకో చిన్న నగ వచ్చేది.

"వడ్డీ లేని వాయిదాలు" నిజంగా వడ్డీ లేనివైతే, ఎలాగూ కొనాలనుకున్నవాళ్ళకి మంచివే. కానీ రెండు ప్రశ్నలు అడగాలి. ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తారా? ఇస్తే, వాయిదాల్లో కట్టి ఆ తగ్గింపు వదులుకోవడమే మీరు కడుతున్న వడ్డీ. రెండోది, గడువులోగా పూర్తిగా తీర్చకపోతే ఏమవుతుంది? కొన్ని ప్లాన్లలో చివర కాస్త మిగిలిపోయినా మొదటి రోజు నుంచి లెక్కగట్టి మొత్తం మీద వడ్డీ వేస్తారు. ఈ షరతు చిన్న అక్షరాల్లో ఉంటుంది. కౌంటర్ దగ్గర ఎవరూ దాని ఊసెత్తరు.

డబ్బు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి ఉంది. నాకు తెలిసిన ఒకావిడ తన స్తోమతకి మించి వజ్రాల దిద్దులు కొనుక్కుంది. చాలా అందమైనవి, ఆవిడకి ఎంతో నప్పాయి. కానీ అవి పెట్టుకుని బయటికి అడుగు పెడితే నిమిషానికోసారి చెవి తడుముకోవడమే పని. మర వదులైందేమో, ఎక్కడైనా పడిపోయిందేమో అని ఒకటే టెన్షన్. ఇంకా వాయిదాలు తీరలేదు మరి. కొన్నాళ్ళకి అవి పెట్టెలోకి వెళ్ళిపోయాయి, ఇప్పుడు మామూలు బంగారపు దిద్దులే పెట్టుకుంటోంది. పోతే తట్టుకోలేనంత ఖరీదైన నగని మనం వాడుకోలేం. నగ కొనేటప్పుడు "ఇది పోతే నా పరిస్థితి ఏంటి?" అని ఒకసారి నిజాయితీగా అనుకోవాలి.

ఆగి, కూడబెట్టి కొనడం

ఆగమంటే అందరూ చెప్పే అభ్యంతరం ఒకటే: ఈలోపు బంగారం పెరిగిపోతుంది. పెరగొచ్చు. 2024, 2025లో ఆగినవాళ్ళకి ఆ దెబ్బ గట్టిగానే తగిలింది. కానీ 2011 సెప్టెంబరులో డాలర్లలో గరిష్ఠానికి చేరిన బంగారం ధర, 2015 డిసెంబరు నాటికి దాదాపు 45 శాతం పడిపోయింది. ఆ పాత గరిష్ఠాన్ని మళ్ళీ దాటింది 2020లో. 2011లో "ఇప్పుడు కొనకపోతే ఇక ఎప్పటికీ కొనలేం" అని అప్పు చేసినవాళ్ళు వడ్డీ కడుతూ, విలువ తగ్గుతుంటే చూస్తూ ఉండాల్సి వచ్చింది. ధర పెరుగుతుందన్నది అంచనా, వడ్డీ ఖాయం. ఈ రెండిటినీ ఒకే తక్కెడలో వేయకూడదు.

పైగా ధర పెరుగుతుందన్న భయానికి నగే విరుగుడు కానక్కర్లేదు. లోహం మీదే బెంగ అయితే, నెలనెలా వీలైనంత చిన్న నాణేలుగానో బిస్కెట్లుగానో కొని పెట్టుకుని, సరిపడా చేరాక చేయించుకోవచ్చు. మజూరీ, రాళ్ళ ఖర్చు అప్పుడు చూసుకుంటే చాలు. నగని అంతగా రాళ్ళ కోసం కాక బంగారం కోసం ఇష్టపడేవాళ్ళకి ఇదే నేను చెప్పే మొదటి దారి. రాళ్ళ నగల ధరలో లోహం వాటా తక్కువ కాబట్టి, వాటికి బంగారం ధర అన్నది అంత పెద్ద కారణమే కాదు.

ఆగడంలో ఇంకో లాభం ఉంది. నిజంగా కావాలా, ఆ షాపు వెలుగులో, ఆ పూట మూడ్‌లో కావాలనిపించిందా అన్నది తేలుతుంది. రెండు మూడు వారాల తర్వాత కూడా ఆ నగ కళ్ళ ముందు కదులుతుంటే, అది మీదే. అప్పుడు కూడబెట్టడం కూడా కష్టంగా అనిపించదు.

అదే అందం, తక్కువ ధరలో

నా దృష్టిలో ఎక్కువ మందికి పనికొచ్చేది ఈ దారే, కానీ దీన్ని "రాజీ పడటం" అనుకుని చాలామంది చూడనే చూడరు.

ముందు బంగారం. 22 క్యారెట్లలో 91.6 శాతం బంగారం, 18లో 75 శాతం, 14లో 58.5 శాతం ఉంటుంది. నగ మీద 916, 750, 585 అని కనిపించే అంకెలు ఇవే. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. బంగారం చాలా బరువైన లోహం, అందులో కలిపే రాగి, వెండి తేలిక. కాబట్టి క్యారెట్ తగ్గితే శాతమే కాదు, నగ మొత్తం బరువు కూడా తగ్గుతుంది. ఒకే సైజు, ఒకే మందం ఉన్న ఉంగరాన్ని 22 క్యారెట్లలో ఒకటి, 14 క్యారెట్లలో ఒకటి చేయిస్తే, రెండోదాంట్లో ఉండే అసలు బంగారం మొదటిదాంట్లో సగం కూడా ఉండదు. లోహం ఖర్చు సగానికి పడిపోతుందన్నమాట. అమ్మితే వచ్చేదీ ఆ మేరకు తగ్గుతుంది, రంగూ కాస్త పాలిపోయినట్టు ఉంటుంది. కానీ 14 క్యారెట్ల లోహం గట్టిది, రాళ్ళని పట్టుకోవడానికి 22 కన్నా నమ్మకమైనది. రాళ్ళ ఉంగరం, రోజువారీ వాడకం అయితే 14 లేదా 18 తీసుకోవడం తెలివైన పని. సాదా బంగారం, దాచుకునే ఉద్దేశం ఉంటే 22.

తెల్ల బంగారం కొనేవాళ్ళు ఒక ఖర్చు లెక్కలో వేసుకోవాలి. ఆ మెరిసే తెలుపు పైన వేసిన రోడియం అనే తెల్లటి లోహపు పూతది. రోజూ పెట్టుకుంటే ఏడాది రెండేళ్ళకి అరిగి, లోపలి లేత పసుపు బయటపడుతుంది, మళ్ళీ వేయించాలి. ప్లాటినంకి ఆ బాధ లేదు, కానీ అదే ఉంగరం ప్లాటినంలో ఇంకా బరువు తూగుతుంది.

ఇక రాళ్ళు. ల్యాబ్‌లో చేసిన వజ్రం వజ్రమే, నకిలీ కాదు. 1954లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ పారిశ్రామిక వాడకానికి, 1970లో నగల్లో పెట్టదగిన నాణ్యతతో చేసి చూపించింది. గనిలోంచి వచ్చినదానికీ దీనికీ తేడా ప్రత్యేకమైన యంత్రాలకి తప్ప కంటికి తెలియదు. తయారీ పెరిగేకొద్దీ గత కొన్నేళ్ళుగా వీటి ధర బాగా పడిపోయింది, తిరిగి అమ్మితే వచ్చేది చాలా తక్కువ. 2018లో ల్యాబ్ వజ్రాల నగల కోసం లైట్‌బాక్స్ అనే బ్రాండ్ మొదలుపెట్టిన పెద్ద వజ్రాల గనుల సంస్థ డీబీర్స్, 2025లో దాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. దీన్నిబట్టి నా సలహా సూటిగానే చెప్తాను. బడ్జెట్లో ఉండటానికి ల్యాబ్ వజ్రం చక్కటి దారి. బడ్జెట్ దాటి ల్యాబ్ వజ్రం కొనడంలో మాత్రం అర్థం లేదు. ఇన్నాళ్ళూ ధర దిగుతూ వచ్చిన వస్తువు కోసం అప్పు చేయడం ఎందుకు?

మొయిసనైట్ వేరే రాయి. 1893లో హెన్రీ మొయిసన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఉల్కాశకలంలో దీన్ని కనుగొన్నాడు, ఇప్పుడు నగల్లో వాడేదంతా తయారు చేసిందే. రాళ్ళ గట్టిదనాన్ని పదికి కొలిచే మోస్ కొలతలో ఇది 9.25, వజ్రం పది. మెరుపులో రంగులు వజ్రం కన్నా ఎక్కువగా విరుస్తుంది. పెద్ద సైజు కొంటే ఆ రంగుల ఆట కొందరికి నచ్చుతుంది, కొందరికి అతిగా అనిపిస్తుంది. చూసి తేల్చుకోండి. వజ్రంలా కనిపించే చవకైన కృత్రిమ రాయి క్యూబిక్ జిర్కోనియా రోజువారీ ఉంగరానికి వద్దు, గీతలు పడి మసకబారుతుంది.

రంగు రాళ్ళలో వెతికితే ఇంకా మంచి దారులున్నాయి. కెంపు కావాలనుకుని ధర చూసి వెనక్కి తగ్గినవాళ్ళు ఎర్రటి స్పినెల్ చూడాలి. బ్రిటన్ రాజకిరీటం ముందు భాగంలో "బ్లాక్ ప్రిన్స్ రూబీ" అని పేరు పడ్డ పెద్ద ఎర్రరాయి నిజానికి స్పినెలే. శతాబ్దాల పాటు రాజులే కెంపు అనుకున్నారంటే దాని అందం మీద అనుమానం అక్కర్లేదు. నీలంలో కూడా నీలి రంగే తీసుకోవాలని లేదు, గులాబీ, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో దొరుకుతుంది. ముత్యాల్లో సముద్రపు అకోయా హారం అందకపోతే మంచినీటి ముత్యాల్లో గుండ్రనివి ఏరిన హారం చూడండి, పక్కన పెట్టి చూస్తే తప్ప తేడా చెప్పడం కష్టం.

పూత నగల గురించి పొట్టిగా. మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా పలుచటి పూత రోజూ వాడితే నెలల్లోనే పోతుంది. గోల్డ్ ఫిల్డ్ అని అమ్మేవాటిలో బరువులో ఇరవయ్యో వంతు బంగారం ఉంటుంది కాబట్టి ఏళ్ళ తరబడి నిలుస్తాయి. ఒక్క వేడుక కోసమే అయితే అద్దెకి తెచ్చుకోవడం అన్నిటికన్నా మేలు.

వాడిన నగ

కొత్త నగ షాపు గడప దాటగానే పోయే విలువ ఉంది చూశారా, వాడిన నగలో ఆ నష్టం మొదటి యజమాని భరించేశారు. నూట నలభై నగ వందకి దొరికే అసలైన చోటు ఇదే. పాతవాటిలో పనితనం కూడా చాలాసార్లు బాగుంటుంది, లోహం విషయంలో పిసినారితనం తక్కువ. అయితే గోళ్ళు అరిగాయా, పట్టీ పలచబడిందా, రాయి మార్చారా అని తెలిసినవాళ్ళతో చూపించాలి. వజ్రానికి జీఐఏ లాంటి సంస్థ పరీక్షించి ఇచ్చిన రిపోర్టు ఉంటే, చాలా రాళ్ళకి అంచు మీద లేజరుతో ఆ రిపోర్టు నంబరు చెక్కి ఉంటుంది, భూతద్దంలో చూసి సరిపోల్చుకోవాలి. తిరిగి ఇచ్చే వెసులుబాటు లేకుండా, బయట పరీక్ష చేయించనివ్వకుండా అమ్మితే ఎంత చవకైనా వదిలేయండి.

ఉంగరమా, దిద్దులా, గొలుసా

ఏ నగ అన్నదాన్ని బట్టి కూడా నిర్ణయం మారుతుంది. అన్నిటికన్నా దెబ్బలు తినేది ఉంగరం. తలుపు గడియకి, గిన్నెలకి, గోడకి తగులుతూనే ఉంటుంది. అందుకని అక్కడ గట్టి రాయి, మందమైన లోహం కావాలి. వజ్రం పది, నీలం, కెంపు తొమ్మిది, స్పినెల్ ఎనిమిది దాకా గట్టిదనం ఉన్నవి రోజూ పెట్టుకోవచ్చు. పచ్చలు అంకెలో ఏడున్నర, ఎనిమిది ఉన్నా లోపల సహజంగా పగుళ్ళు ఉంటాయి, వాటిని చాలావరకు నూనెతో నింపుతారు, వేడికీ దెబ్బకీ ఆగవు. ఓపల్, ముత్యం ఇంకా మెత్తన. అలాంటి రాయి మీద మనసు పడితే దిద్దుల్లోనో లాకెట్‌లోనో పెట్టించుకోండి. చెవికి ఎవరూ భూతద్దం పెట్టి చూడరు కాబట్టి దిద్దుల్లో స్వచ్ఛత ఇంకో మెట్టు తగ్గించినా నష్టం లేదు. బడ్జెట్ దాటాలనుకుంటే ఉంగరం మీద దాటండి, దిద్దుల మీద మిగిల్చండి.

నేను సరే అనే సందర్భం

అదనం పదిహేను శాతం లోపు ఉండాలి. మూడు నెలల్లో జీతంలోంచే తీరిపోవాలి. కనీసం మూడు నెలల ఇంటి ఖర్చుకి దాచిన డబ్బు జోలికి వెళ్ళకూడదు. ఆ అదనం పట్టీ మందానికో, కట్‌కో, పనితనానికో వెళ్ళాలి. వారానికి ఒకసారైనా పెట్టుకునే నగ అయి ఉండాలి. ఇవన్నీ కుదిరితే సంకోచం లేకుండా కొనుక్కోండి. ఒకే ఒక్కటి ఉన్న పాతకాలపు నగ, మళ్ళీ దొరకనిది అయితే పదిహేను శాతాన్ని ఇంకాస్త సాగదీయొచ్చు, మిగతా షరతులు మాత్రం అలాగే ఉండాలి. పన్ను, సైజు మార్పు, ఇన్సూరెన్స్, రోడియం ఖర్చు కూడా కలుపుకున్నాకే ఆ శాతం లెక్కపెట్టాలి. చాలా బడ్జెట్లు నగ ధర దగ్గర కాకుండా ఈ చిల్లర దగ్గరే దాటిపోతాయి.

ఇంకొకరికి ఇచ్చే నగ అయితే ఒత్తిడి ఎక్కువ. ఉంగరానికి ఇన్ని నెలల జీతం పెట్టాలన్న కొలత సంప్రదాయం ఏమీ కాదు, 20వ శతాబ్దంలో వజ్రాల ప్రకటనలు జనంలోకి తెచ్చినది. ఇద్దరూ కలిసి బతకబోతుంటే, ఒకరు చేసిన అప్పు ఇద్దరి నెత్తినా ఉంటుంది. సర్‌ప్రైజ్ ఇవ్వాలనుకుంటే సందర్భాన్ని సర్‌ప్రైజ్‌గా ఉంచండి, ఖర్చు ఎంతన్నది ఇద్దరూ ముందే మాట్లాడుకోండి. అందుకున్నవాళ్ళు "ఇంత పెట్టావా?" అని లోపల నలిగిపోయే బహుమతి ఎవరికీ ఆనందం ఇవ్వదు.

డబ్బు కట్టే ముందు

బిల్లులో లోహం బరువు, రాళ్ళ బరువు విడివిడిగా ఉండాలి. రాళ్ళ బరువుని బంగారం బరువులో కలిపి ధర కట్టారేమో చూడండి. స్వచ్ఛత అంకె నగ మీద, బిల్లులో ఒకటే ఉండాలి. రాయి సహజమైనదా, ల్యాబ్‌దా, వేడి చేసినదా, నూనె పట్టించినదా అన్నది రాయించుకోండి. "మేం ఎప్పుడైనా తీసుకుంటాం" అన్న మాట బిల్లు మీద ఎంత శాతానికి అన్నదాంతో సహా ఉంటేనే లెక్క. ఆర్డరిచ్చి చేయించినవి, పేర్లు చెక్కించినవి సాధారణంగా వెనక్కి తీసుకోరు.

సైజు మార్చి ఇవ్వడం ధరలో కలిసి ఉందో లేదో కూడా అడగండి. వేళ్ళు వేడికి, సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి, చలికి సన్నబడతాయి. చుట్టూ రాళ్ళు పొదిగిన ఉంగరాలకి సైజు మార్చడం దాదాపు కుదరదు, వాటికి మాత్రం రోజులో వేర్వేరు వేళల్లో వేలు కొలిపించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.